స్కాట్లండ్-ఇంగ్లండ్ రగ్బీ శ్రీకాకుళంలో ఎలా చూడాలి: టీవీలోనా, ఫోన్లోనా, పొద్దున్న రీప్లేలోనా?

2024 ఫిబ్రవరి 24, శనివారం, మాఘ పౌర్ణమి. తెల్లారగట్ల లేచి కళింగపట్నం వెళ్లి సముద్ర స్నానాలు చేసొచ్చాం. ఆ అలసటకి ఇంట్లో అందరూ తొమ్మిదిన్నరకే పడుకున్నారు. నేనొక్కణ్ణే హాల్లో లైటు ఆర్పేసి టీవీ ముందు కూర్చున్నాను. ఎడిన్‌బరోలోని మర్రేఫీల్డ్‌లో స్కాట్లండ్‌కీ ఇంగ్లండ్‌కీ రగ్బీ మ్యాచ్, మన టైము పదింపావుకి. చూస్తూ ఉండగానే ఇంగ్లండ్ 10-0. ఇక పడుకుందామా అనుకుంటుంటే స్కాట్లండ్ ఆటగాడు డూహాన్ వాన్ డెర్ మెర్వె చేతికి బంతి చిక్కింది. ఆ రాత్రి అతనొక్కడే మూడు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకించడం) కొట్టాడు. ఈ రెండు జట్లూ పోటీపడే కలకత్తా కప్పు మ్యాచ్‌లో స్కాట్లండ్ తరఫున అలా మూడు కొట్టినవాడు అంతకుముందు లేడు. 30-21తో గెలిచాం. రెండో ట్రైకి అతను తమ సగంలోంచి బయల్దేరి అవతలి గీత దాకా పరుగెత్తినప్పుడు నేను అరిచిన అరుపుకి మా ఆవిడ లేచొచ్చి, "ఏటయింది? కరెంటు షాకు కొట్టిందేటి?" అంది.

దాదాపు ఏడాదికి, 2025 ఫిబ్రవరి 22న, అదే పోటీ లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో. మళ్లీ పదింపావుకే. ఆ రాత్రి మేము రాజాంలో చుట్టాలింట పెళ్లిలో ఉన్నాం. భోజనాలయ్యాక షామియానా వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోన్లో పెట్టుకున్నాను. ఆఖరి నిమిషాల్లో వాన్ డెర్ మెర్వె మళ్లీ ట్రై కొట్టాడు. ఇంగ్లండ్ 16, స్కాట్లండ్ 15. ఫిన్ రసెల్ కొట్టే కన్వర్షన్ కిక్కు (ట్రై తర్వాత దక్కే కిక్కు) కర్రల మధ్య నుంచి వెళ్తే గెలుపు మాదే. రసెల్ బంతిని నిలబెడుతున్నాడు, ఫోన్లో చక్రం తిరుగుతోంది. ఈలోపు తెర పైనుంచి ఒక మెసేజ్ జారింది. స్కాట్లండ్ నుంచి మా పాత చీఫ్ ఇంజినీరు పంపాడు, ఒకే ఒక్క బూతు మాట. రసెల్ ఇంకా కాలు ఎత్తలేదు, నాకు మాత్రం కిక్కు తప్పిందని తెలిసిపోయింది.

ఓడిపోతే బాధ ఎలాగూ పడతాం. ఆ బాధ అర నిమిషం ముందే, అదీ ఫోన్ పై అంచు నుంచి జారిపడటం మాత్రం అనవసరం. ఆ పెళ్లి రాత్రి తర్వాత ఏ మ్యాచ్ ఎలా చూడాలన్న దాని మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మన జిల్లాలో రగ్బీ చూసేవాళ్లు ఎంతమంది ఉంటారో గానీ, ఉన్న ఆ కొద్దిమందికీ, కొత్తగా చూద్దామనుకునేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగానే చెప్పేస్తాను. డెర్బీ, అంటే పాత పంతం ఉన్న రెండు జట్ల ఆట అయితే పెద్ద తెర మీద, లైవ్‌లో చూడండి. మిగతా మ్యాచ్‌లకి నిద్ర పాడుచేసుకోకుండా మర్నాడు పొద్దున్న పూర్తి రీప్లే చూడండి. ఫోన్లో చూడదగ్గది ఏడుగురి ఆట, అంటే సెవెన్స్ మాత్రమే. హైలైట్స్ చూసి మ్యాచ్ చూశానని చెప్పుకోకండి. ఏది ఎంచుకున్నా ఒక్క పరీక్ష పెట్టండి: రెఫరీ గొంతు వినిపిస్తోందా, లేదా?

ఈ పరీక్ష ఎందుకో చెప్పే ముందు, శ్రీకాకుళం మనిషికి స్కాట్లండ్ మీద ఈ మమకారం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. నేను ఓడల్లో, ఇంజిన్ రూములో చాలా ఏళ్లు పనిచేశాను. మా చీఫ్ ఇంజినీరు స్కాట్లండ్‌లోని అబర్డీన్ ఆయన. మెస్ హాల్లో రగ్బీ పెట్టుకుని నాకు రూల్స్ చెప్పేవాడు. ట్రైకి 5 పాయింట్లు, దాని వెంట కన్వర్షన్‌కి 2, పెనాల్టీ కిక్కుకి 3, బంతి చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి. బదులుగా నేను ఆయనకి చెడుగుడు చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "మరి బంతి ఏది?"

స్కాట్లండ్-ఇంగ్లండ్ పట్టింపు ఎలాంటిదని ఎవరైనా అడిగితే బొబ్బిలి-విజయనగరం అని చెబుతాను. మన వైపు వాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ కప్పుకీ మనకీ చుట్టరికం కూడా ఉంది. కలకత్తాలో బ్రిటిష్ వాళ్లు నడిపిన రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి ఈ కప్పు చేయించారు. మూడు పిడులూ పడగెత్తిన నాగుపాములే, మూత మీద ఏనుగు. 1879లో దానికోసం మొదటి మ్యాచ్ ఆడితే అది డ్రా అయింది. మనవాళ్లు హౌరా రైలెక్కి కూలికి పోయిన ఊరి వెండి అది. ఆ రెండు జట్లలో ఎవరైనా గెలుచుకోనీ, నాకు మాత్రం అది మన సొమ్మే.

తెర ఎంత ఉండాలి

కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. మొత్తం కోర్టు ఫోన్ తెరలో పట్టేస్తుంది, ఎవరు ఎవరి కాలు పట్టారో కనిపిస్తుంది. రగ్బీ మైదానం దాదాపు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు, అందులో ముప్ఫై మంది. కెమెరా దూరం నుంచి చూపిస్తే ఫోన్లో మనుషులు చీమల్లా ఉంటారు. దగ్గరికి తెస్తే బంతి చుట్టూ కుప్పపడ్డ ఒళ్లు తప్ప ఇంకేమీ కనబడదు. అసలు ఆట ఆ కుప్పలో లేదు. బంతి బయటికొస్తే అందుకోవడానికి వెనక ఏటవాలుగా నిలబడ్డ వరసలో ఉంది. అవతలి వైపు ఖాళీ ఎక్కడుందో మనకి ఆటగాడి కంటే ముందు కనిపించాలి. 2024లో వాన్ డెర్ మెర్వె పరుగు మొదలుపెట్టకముందే ఎడమ పక్కన ఇంగ్లండ్ వాళ్లు లేరని నేను చూశాను. ఆ అరుపు అందుకే వచ్చింది. ఫోన్లో అయితే పరుగు సగమయ్యాక గానీ తెలియదు.

కాబట్టి 32 అంగుళాల టీవీ అయినా సరే, ఫోన్ కంటే వెయ్యి రెట్లు నయం. 43 ఉంటే ఇంకేం కావాలి. మా ఇంట్లో ఉన్నది పాత 32 అంగుళాలదే, దానికి నెట్ స్టిక్ పెట్టుకున్నాను. 4కే తెరలూ అవీ రగ్బీకి నేనైతే లెక్కలోకి తీసుకోను.

సెవెన్స్ సంగతి వేరు. మైదానం అంతే, మనుషులు మాత్రం పద్నాలుగు మందే. కుప్పలు తక్కువ, ఎక్కువగా విడివిడిగా పరుగులే. మామూలుగా సగానికి ఏడు నిమిషాలు, మొత్తం పద్నాలుగు. బస్సులో, షాపు కౌంటర్ దగ్గర ఫోన్లో చూసినా ఏమీ కోల్పోరు.

రెఫరీ గొంతు

టీవీలో క్రికెట్ చూసినప్పుడు అంపైర్ మైదానంలో ఏమనుకున్నాడో చాలావరకు సైగలతోనే తెలుస్తుంది. రగ్బీలో రెఫరీ చొక్కాకి మైకు ఉంటుంది, అతని ప్రతి మాటా ప్రసారంలోకి వస్తుంది. "చేతులు తియ్యి", "పక్కకి దొర్లు", "నువ్వు ఆలస్యం" అని ఆడుతుండగానే ఆటగాళ్లకి చెబుతుంటాడు. వీడియో చూసే అధికారితో మాట్లాడినప్పుడు ఇద్దరి సంభాషణా వినిపిస్తుంది. తప్పు ఎవరిదో కామెంటేటర్ ఊహించి చెప్పేదానికంటే ముందే మనం రెఫరీ నోటి నుంచి వింటాం.

దీని విలువ ఆ డెర్బీకి రెండు వారాల ముందే తెలిసింది. 2024 ఫిబ్రవరి 10న అదే మర్రేఫీల్డ్‌లో ఫ్రాన్స్‌తో ఆట. ఆఖరి క్షణాల్లో స్కాట్లండ్ వాళ్లు గుంపుగా గీత మీద పడ్డారు. బంతి నేలకి తగిలిందా లేదా? రెఫరీ మైదానంలో ట్రై కాదనే నిర్ణయంతో వీడియోకి పంపాడు. రీప్లేలు చూస్తుంటే తగిలినట్టే ఉంది. మాటలు వింటుంటే అధికారి కూడా ఔననే దాకా వచ్చి, తిరుగులేని ఆధారం లేదంటూ వెనక్కి తగ్గాడు. మొదటి నిర్ణయమే నిలిచింది. ఫ్రాన్స్ 20-16తో గెలిచింది. కోపం రాలేదా అంటే వచ్చింది, కానీ ఎందుకు ఓడామో అక్షరం అక్షరం విన్నాను. సౌండు లేకుండా చూసిన మా బావమరిది మాత్రం ఇప్పటికీ "మోసం జరిగింది బావా" అంటూనే ఉంటాడు.

ఇక్కడ నా సలహాకి నేనే అడ్డం పడాలి. అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే టీవీ సౌండు ఎంత పెడతాం? రెఫరీ మాట కామెంటరీ కింద సన్నగా వస్తుంది, సౌండు తగ్గిస్తే ముందు పోయేది అదే. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్లో చూసేవాడికి మాత్రం ఆ గొంతు చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. రాజాం పెళ్లిలో నేను చూసిన ఆ పాడు మ్యాచ్‌లో ఒక్కటి బాగుందంటే అదే. ఆ తర్వాత నేను చేసిన పని ఏమిటంటే, టీవీ స్టిక్‌కి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కలిపాను. పెదవుల కదలికకీ మాటకీ రవ్వంత తేడా వస్తుంది గానీ రగ్బీకి అదేమంత ఇబ్బంది కాదు. మీ టీవీకి ఈ సౌకర్యం ఉందో లేదో మ్యాచ్ రోజు కాకుండా ముందు రోజే చూసుకోండి.

డిష్, కేబుల్, నెట్

డిష్ గొడుగుకైనా కేబుల్‌కైనా ఉన్న గొప్పతనం ఆలస్యం తక్కువ కావడం. నెట్ మీద వచ్చేది అర నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే వెనకబడుతుంది. మీకు బయట దేశంలో ఇదే మ్యాచ్ చూసే స్నేహితుడు లేకపోతే ఈ తేడా మీకు తెలియనే తెలియదు. ఉంటే మాత్రం పదింపావు నుంచి ఫోన్ డేటా ఆపేయండి, లేదా పక్క గదిలో పెట్టేయండి. నేను ఇప్పుడు పూజ గదిలో పెడుతున్నాను. అక్కడికి వెళ్లి మెసేజ్ చూసే ధైర్యం నాకు లేదు.

చానెల్‌తో వచ్చే చిక్కు వేరు. అదే టైముకి క్రికెట్ ఉంటే రగ్బీని పక్క చానెల్‌కి నెట్టేస్తారు, ఆ పక్క చానెల్ మన ప్యాక్‌లో ఉండదు. స్క్రమ్ (రెండు జట్లూ ఎదురెదురుగా నెట్టుకునే గుంపు) మళ్లీ మళ్లీ కూలిపోతున్నప్పుడు తెరని కుదించి చుట్టూ ప్రకటన పెడతారు, స్కోరు దాని కింద దాక్కుంటుంది. స్క్రమ్‌ని వాళ్లు ఖాళీ సమయం అనుకుంటారు. ఎనిమిది మంది ఎనిమిది మందిని నెట్టే ఆ కొన్ని సెకన్లలోనే ఎవరికి అలుపొచ్చిందో తెలిసిపోతుంది. కోడి రామ్మూర్తి గారు పుట్టిన గడ్డ మీద, బలాబలాలు తేలే చోట ప్రకటన వేస్తే ఎలా ఒప్పుకుంటాం?

ప్యాక్‌లో కలిపి ఇచ్చే చానెల్ ధర 19 రూపాయలు దాటకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అందుకని ఒక స్పోర్ట్స్ చానెల్ రెండు నెలలు పెట్టుకున్నా పెద్ద ఖర్చేమీ కాదు. అయితే ఏ టోర్నమెంటు ఏ చానెల్‌లో, ఏ యాప్‌లో వస్తుందనేది కాంట్రాక్టుల వ్యవహారం, మారుతూ ఉంటుంది. నిరుడు వచ్చింది కదా అని ఈ ఏడు కట్టేయకండి. మొదటి మ్యాచ్‌కి వారం ముందు చూసుకుని కట్టండి. ఇంగ్లండ్‌లో అయితే ఇది డబ్బులు కట్టకుండా చూసే ఆట. 2026 నుంచి 2029 దాకా సిక్స్ నేషన్స్ (స్కాట్లండ్-ఇంగ్లండ్ మ్యాచ్ కూడా ఉండే ఆరు దేశాల టోర్నమెంటు) 15 మ్యాచ్‌ల్లో 10 ఐటీవీకి, 5 బీబీసీకి పంచారు. అక్కడివాళ్లకి ఉన్న సుఖం మనకి లేదు. అదనంగా ప్రపంచ రగ్బీ సంస్థ వరల్డ్ రగ్బీ వాళ్లే నడిపే రగ్బీపాస్ టీవీ ఉంది. డబ్బులు కట్టనక్కర్లేదు. మన దేశంలో హక్కులు ఎవరికీ అమ్మని పోటీలు కొన్ని అందులో దొరుకుతాయి, ముందు అక్కడ వెతికి ఆ తర్వాతే పర్సు తీయండి.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు రౌటర్‌ని కూడా ఇన్వర్టర్‌కి కలపాలి. టీవీకి కలిపి రౌటర్‌ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ, కరెంటు పోతే నల్ల తెర ముందు వెలుతురులో కూర్చుంటారు. ఫిబ్రవరి, మార్చిల్లో మనకి పెద్దగా భయం లేదు. అక్టోబరు, నవంబరు మ్యాచ్‌లకే గండం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ తీగలూ ఎలా నేలకొరిగాయో చూశాం. తుఫాను కబురుంటే రగ్బీ సంగతి తర్వాత, ముందు నీళ్లు పట్టుకోండి.

ఫోన్ డేటా మీద చూసేవాళ్లకి ఒక చిన్న లాభం. మంచి బొమ్మతో చూస్తే గంటకి ఒకటి, ఒకటిన్నర జీబీ లాగేస్తుంది, మ్యాచ్ విరామంతో కలిపి రెండు గంటలకి దగ్గర. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే మామూలుగా చాలదు. కానీ పదింపావు మ్యాచ్ పన్నెండు దాటేదాకా సాగుతుంది కదా, అర్ధరాత్రికి కొత్త రోజు డేటా వచ్చి పడుతుంది. కాబట్టి ఆ శనివారం పగలు రీళ్లు చూడకుండా, బొమ్మ నాణ్యత కాస్త తగ్గించుకుంటే గట్టెక్కుతారు.

హైలైట్స్ ఎందుకు వద్దంటున్నాను

2025 మ్యాచ్‌లో స్కాట్లండ్ మూడు ట్రైలు కొట్టింది, ఇంగ్లండ్ ఒక్కటే. ట్రైలు మాత్రమే ఏరి చూపించే అయిదారు నిమిషాల ముక్క చూసినవాడు స్కాట్లండ్ గెలిచిందని ప్రమాణం చేస్తాడు. ఆ మూడు ట్రైల వెంట వచ్చిన మూడు కన్వర్షన్లూ తప్పాయి. ఇంగ్లండ్ మాత్రం తమ ఒక్క ట్రైకీ కన్వర్షన్ కొట్టుకుని, మూడు పెనాల్టీలతో మెల్లగా పోగేసుకుంది. ఆ పెనాల్టీలు ఎందుకొచ్చాయన్నదే మ్యాచ్. అది హైలైట్స్‌లో ఉండదు. క్రికెట్‌లో వికెట్లూ సిక్సర్లూ చూస్తే కొంత కథ తెలుస్తుంది, రగ్బీలో అదీ తెలియదు.

పూర్తి రీప్లే అలా కాదు. ఆదివారం పొద్దున్న టిఫిన్ అయ్యాక, స్కోరు తెలియకుండా చూస్తే లైవ్‌కీ దానికీ పెద్ద తేడా లేదు, పైగా విరామం దాటించేయొచ్చు. యాప్ తెరవగానే మొదటి బొమ్మలోనే కప్పు పట్టుకున్న కెప్టెన్ ముఖం పెట్టే పాపం మాత్రం వాళ్లది. నేను మా అమ్మాయికి ఫోన్ ఇచ్చి, "తీసి పెట్టి ఇవ్వమ్మా, ఏటీ చెప్పకు" అంటాను. ఆ పిల్ల ముఖం చూస్తే ఫలితం తెలిసిపోతుందని ఇప్పుడు ముఖం కూడా చూడటం లేదు.

నిద్ర లెక్క

సిక్స్ నేషన్స్ ఫిబ్రవరి మొదట్లో మొదలై మార్చి మధ్యకి అయిపోతుంది. అప్పుడు బ్రిటన్ మనకంటే అయిదున్నర గంటలు వెనక. 2025 టైముల లెక్కన, శనివారం అక్కడ మధ్యాహ్నం రెండుంపావు ఆట మనకి రాత్రి ఏడూ ముప్పావు, నాలుగూ ముప్పావు ఆట పదింపావు, ఆదివారం మూడింటిది ఎనిమిదిన్నర. వీటిలో ఏదీ కష్టం కాదు. అక్కడ రాత్రి ఆడే ఆటలు మాత్రం మనకి ఒంటిగంటన్నరకో, అది దాటాకో. స్కాట్లండ్ ఆడినా సరే వాటిని నేను రీప్లేకే వదిలేస్తాను.

అసలు రాత్రి మేలుకోవడమే కుదరదు అనేవాళ్లకి ఆస్ట్రేలియా-న్యూజిలాండ్ డెర్బీ, బ్లెడిస్లో కప్పు ఉంది. అక్కడి సాయంత్రం మనకి మధ్యాహ్నం. శనివారం భోంచేసి కూర్చుంటే సరిపోతుంది. ఆట వేగంలో అది స్కాట్లండ్-ఇంగ్లండ్ కంటే ఒక మెట్టు పైనే, ఒప్పుకుంటాను. కానీ 2003లో గెలిచిన ఆ కప్పుని న్యూజిలాండ్ 2025లో కూడా వదల్లేదు. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన పంతం ఏం పంతం? నాకైతే ఒకటీ రెండూ పాయింట్ల మీద ఊగేదే కావాలి.

రగ్బీ ఎప్పుడూ చూడనివాళ్లు మాత్రం ఈ రెండింటితోనూ మొదలెట్టొద్దు. రగ్బీ ప్రీమియర్ లీగ్‌తో మొదలెట్టండి. 2025 జూన్‌లో ముంబైలో మొదటిసారి జరిగింది, స్టార్ స్పోర్ట్స్‌లోనూ జియోహాట్‌స్టార్‌లోనూ వచ్చింది. సెవెన్స్ పద్ధతే గానీ నాలుగు నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. పదహారు నిమిషాల్లో అయిపోతుంది, కాఫీ చల్లారదు. ఫైనల్లో చెన్నై బుల్స్ ఢిల్లీ రెడ్జ్‌ని 41-0తో చితక్కొట్టింది. లీగ్ పేరుకి ముందున్న జీఎంఆర్ మన రాజాం వాళ్లదే, ఆ పేరు చూసైనా ఒకసారి పెట్టి చూడండి.

అందులో మనకో ఇంటి తగువు కూడా ఉంది. హైదరాబాద్ హీరోస్ ఒక జట్టు, కళింగ బ్లాక్ టైగర్స్ ఇంకో జట్టు. తెలుగువాళ్లం కాబట్టి హైదరాబాద్ అంటాడు మా బావమరిది. ముఖలింగం మన జిల్లాలో, కళింగపట్నం మన జిల్లాలో, భువనేశ్వర్ మనకి హైదరాబాద్‌తో పోలిస్తే సుమారు సగం దూరం, పైగా రగ్బీలో ఒడిశా పిల్లల చెయ్యి ముందునుంచీ పైనే. నేను కళింగ వైపే. వాళ్లిద్దరి మ్యాచ్ రోజు మా ఇంట్లో రెండు గదుల్లో రెండు తెరలు నడుస్తాయి. అతను ఫోన్లో, నేను టీవీలో. ఎవరి గదిలో అరుపు ముందు వస్తుందో చూసి ఎవరి నెట్టు వేగంగా ఉందో తేల్చుకుంటాం.

డబ్బు విషయంలో చివరిగా ఒకటి. ఏడాది సబ్‌స్క్రిప్షన్ చౌకగా కనిపిస్తుంది గానీ, సిక్స్ నేషన్స్ కోసమే అయితే ఫిబ్రవరి, మార్చి రెండు నెలలే కట్టుకోండి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే మార్చిలో టోర్నమెంటు ఆఖరి మ్యాచ్ అయ్యాక, ఆ రాత్రి పడుకోబోయే ముందే రద్దు చేసేయండి. మా ఇంట్లో ఒకసారి ఆగస్టు దాకా కోత పడుతూనే ఉంది, మా ఆవిడ బ్యాంకు మెసేజ్‌లు చదివేదాకా నాకు తెలియలేదు.